కొట్టు మెట్లు దిగిన బేరం: 2008 లిస్బన్ రెఫరెండంలో షిన్ ఫేన్ ప్రచారం, ఒక కేస్ స్టడీ

నేను చేసేది ఎన్నికల ప్రచారం పని. కరపత్రాలు రాయడం, వార్డు స్థాయి కార్యకర్తలకు ఇంటింటి ప్రచారంలో ట్రైనింగ్ ఇవ్వడం, ఫ్లెక్సీ మీద ఎన్ని ముఖాలు ఉండాలో అభ్యర్థితో వాదించి చివరికి ఓడిపోవడం. ట్రైనింగ్ మొదటి రోజు నేను చెప్పే కేసు మాత్రం మన ఎన్నికల్లోది కాదు. 2008 జూన్ 12న ఐర్లండ్‌లో జరిగిన లిస్బన్ ఒప్పందం రెఫరెండం అది. యూరోపియన్ యూనియన్ నడిచే నియమాలను మార్చే ఆ ఒప్పందం కావాలా వద్దా అని ప్రజల్నే నేరుగా అడిగిన ఓటింగ్. అప్పుడు నేను డబ్లిన్ శివారు టాలాలో ఒక పెద్దాయన ఇంట్లో అద్దెకుండేవాణ్ణి.

మే నెలాఖరులో ఒక సాయంత్రం ఇద్దరు వచ్చి తలుపు కొట్టారు. షిన్ ఫేన్ అనే చిన్న పార్టీ కార్యకర్తలు. "ఓటుందా?" అని అడిగారు. లేదన్నాను. అక్కడ స్థానిక ఎన్నికల్లో విదేశీయులకీ ఓటుంది గానీ రెఫరెండంలో ఐరిష్ పౌరులకు మాత్రమే. అయినా వాళ్లు వెంటనే తిరిగిపోలేదు. "మీ ఇంటాయనకి ఉంటుందిగా" అంటూ కరపత్రం చేతిలో పెట్టారు. యూరప్‌కు మేం వ్యతిరేకం కాదు, ఇంతకంటే మంచి ఒప్పందం దొరుకుతుంది, ఇది వద్దని చెప్పండి అన్నది దాని సారం. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషం ఎలా గెలిచిందో, పదహారు నెలలకే ఎలా ఓడిందో చెప్పడానికే ఇదంతా.

అసలు ఓటింగ్ ఎందుకు వచ్చింది

యూరోపియన్ యూనియన్‌లో అప్పుడు 27 దేశాలు. లిస్బన్ ఒప్పందం మీద ప్రజల్ని అడిగింది ఒక్క ఐర్లండే. మిగతా 26 దేశాలూ పార్లమెంటులోనే పని ముగించాయి. ఐర్లండ్ ప్రత్యేకతకు కారణం రేమండ్ క్రాటీ అనే ఆయన. మొదట రైతు, తర్వాత ఆర్థికవేత్త. యూరప్‌ను ఒకే మార్కెట్ చేసే సింగిల్ యూరోపియన్ యాక్ట్ అనే ఒప్పందాన్ని ప్రజల్ని అడగకుండా ఆమోదించడం చెల్లదని కోర్టుకెళ్లి 1987లో సుప్రీంకోర్టులో గెలిచాడు. అప్పటినుంచి సార్వభౌమాధికారాన్ని తాకే ప్రతి యూరప్ ఒప్పందానికీ అక్కడ రాజ్యాంగ సవరణ కావాలి. రాజ్యాంగ సవరణ అంటే రెఫరెండం తప్పదు.

గ్రూప్స్‌కి చదివినవాళ్లకి ఐర్లండ్ అనగానే ఆదేశిక సూత్రాలు గుర్తొస్తాయి. మనవాళ్లు వాటిని అక్కడి 1937 రాజ్యాంగం నుంచే తీసుకున్నారు. సవరణకు జనాన్ని అడగాలన్న నియమాన్ని మాత్రం తీసుకోలేదు. మన 368వ అధికరణంలో ఓటరు పాత్ర లేదు. అందుకే ఈ కేసు చెప్పేటప్పుడు మనవాళ్లకు ఒక విషయం విడమర్చి చెప్పాల్సి వస్తుంది. రెఫరెండంలో అభ్యర్థి ఉండడు, కులం లెక్క ఉండదు, గెలిచాక పదవీ ఉండదు. ఉండేవి ఒక ప్రశ్న, రెండు గడులు.

నలుగురు ఒకవైపు

2007 ఎన్నికల్లో షిన్ ఫేన్‌కు వచ్చిన మొదటి ప్రాధాన్య ఓట్లు 6.9 శాతం. డాయిల్‌లో, అంటే వాళ్ల దిగువ సభలో, 166 మందిలో నలుగురు. (అక్కడ సభ్యుణ్ణి టీడీ అంటారు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ట్రైనింగ్ హాల్లో ఎవరో ఒకరు నవ్వుతారు.) పాలక ఫియనా ఫాయిల్, ప్రధాన ప్రతిపక్షం ఫీనా గేల్, లేబర్, ప్రోగ్రెసివ్ డెమొక్రాట్లు అందరూ "అవును" పక్షమే. ప్రభుత్వంలో ఉన్న గ్రీన్స్ తమ సమావేశంలో ఓటు పెడితే 63 శాతం ఒప్పందానికి అనుకూలంగా వచ్చింది. పార్టీ నియమం ప్రకారం మూడింట రెండొంతులు కావాలి కాబట్టి అధికారికంగా ఏ వైపూ నిలబడలేదు. అలా డాయిల్‌లో ఉన్న పార్టీల్లో "వద్దు" అన్నది షిన్ ఫేన్ ఒక్కటే.

షిన్ ఫేన్ రిపబ్లికన్ పార్టీ. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్, స్వతంత్ర ఐర్లండ్ రెండూ ఒక్కటి కావాలన్నది దాని మూల సిద్ధాంతం. బ్రిటన్ మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏకు రాజకీయ విభాగమన్న పేరు దశాబ్దాలుగా మోసింది. 1972 మే 10న ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరడంపై రెఫరెండం జరిగితే వద్దంది. 83 శాతం మంది చేరదామన్నారు. 1987, 1992 యూరప్ రెఫరెండంలలోనూ వద్దంది, ఓడింది. 1998 మే 22న ఇంకో చిత్రం జరిగింది. ఒకే రోజు రెండు బ్యాలెట్లు: ఒకటి ఉత్తర ఐర్లండ్ మీద గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం, రెండోది యూరప్ ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం. మొదటిదానికి అవును, రెండోదానికి వద్దు అని చెప్పాల్సి వచ్చింది షిన్ ఫేన్. మొదటిది 94 శాతంతో నెగ్గింది, రెండోది 62 శాతానికి కాస్త తక్కువతో. ఒకే ఇంటి గుమ్మంలో ఒక చేత్తో అవును, ఇంకో చేత్తో వద్దు అని చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఇంటింటికీ తిరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఇన్నిసార్లు ఓడిన పార్టీ 2008కి తన మాట మార్చుకుంది. స్థానం మార్చలేదు, మాట మాత్రమే. "యూరప్ మన సార్వభౌమత్వాన్ని మింగేస్తుంది" అన్నది పాత పాట. ఐర్లండ్ జనానికి యూరప్ అంటే రోడ్లు, వ్యవసాయ సబ్సిడీలు, ఉద్యోగాలు. అలాంటిచోట యూరప్‌ను తిడితే ఇంటికొచ్చిన చుట్టాన్ని తిట్టినట్టే. అందుకే ఈసారి యూరప్‌లో ఉందాం, ఈ కాగితం మీద సంతకం మాత్రం వద్దు, వెనక్కి పంపితే మెరుగైనది వస్తుంది అన్నారు. ఫ్రాన్స్, నెదర్లాండ్స్ 2005లో యూరప్ రాజ్యాంగాన్ని తిప్పికొట్టాయి, వాటిని ఎవరూ గెంటేయలేదు కదా అన్నారు.

దీన్ని నేను కొట్టు మెట్లు దిగడం అంటాను. చీర బాగుంది, ధర బాగాలేదు. లేచి మెట్లు దిగండి, వెనక నుంచి పిలుపొస్తుంది. మనూళ్లో ఏ అమ్మకూ ఇది నేర్పనక్కర్లేదు. ఈ మాటతో "వద్దు" అనడానికి ఉన్న భయం పోయింది. రెఫరెండంలో యథాతథ స్థితికి ఎప్పుడూ కొంత బలం ఉంటుంది. దానికి తోడు, వద్దన్నా పోయేదేమీ లేదని ఓటరు నమ్మితే అవతలి పక్షం పని రెట్టింపవుతుంది.

కరపత్రంలోని సరుకు

వాళ్లు ఎత్తిచూపినవి గాలిమాటలు కావు, ఒప్పందంలో ఉన్నవే. యూనియన్‌కు మంత్రివర్గం లాంటి యూరోపియన్ కమిషన్‌లో ఒక్కో దేశానికి ఒక కమిషనర్ ఉంటాడు. లిస్బన్ ప్రకారం 2014 నుంచి మూడింట రెండొంతుల దేశాలకే ఉంటాడు, వంతులవారీగా. అంటే ప్రతి పదిహేనేళ్లలో ఐదేళ్లు ఐర్లండ్‌కు కమిషనర్ ఉండడు. మంత్రుల మండలిలో ఓటు బరువు జనాభా మీద ఆధారపడుతుంది. యూనియన్ జనాభాలో ఐర్లండ్ వాటా అప్పట్లో ఒక శాతం లోపే. సైనిక సామర్థ్యాన్ని పెంచుకోవాలన్న నిబంధన తటస్థ దేశమైన ఐర్లండ్‌కు ఇబ్బంది. వీటికి తోడు కార్మికుల హక్కులు. స్వీడన్‌కు సంబంధించిన లవాల్ కేసులో, బయటి దేశపు కంపెనీ మీద కార్మిక సంఘాల ఆందోళన చెల్లదంటూ 2007 డిసెంబరులో వచ్చిన యూరోపియన్ కోర్టు తీర్పు మీద ఆ సంఘాలు అప్పటికే మండిపడుతున్నాయి.

వీటిలో టాలా గుమ్మాల్లో పనిచేసింది కమిషనర్ సంగతి. మిగతావి వివరించాలి. "మనవాడు ఆ బల్ల దగ్గర ఉండడు" అన్నది వివరించనక్కర్లేదు.

ప్రచారానికి ముఖం మేరీ లూ మెక్‌డొనాల్డ్, అప్పుడు డబ్లిన్ నుంచి యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు. ఈ ఎంపికను నేను చాలా తెలివైనదనుకుంటాను. అప్పటి పార్టీ అధ్యక్షుడు గెర్రీ ఆడమ్స్ ముఖం పెట్టి ఉంటే చర్చ ఉత్తర ఐర్లండ్ గొడవల మీదికి పోయేది. యూరప్ పార్లమెంటులోనే కూర్చున్న మనిషి యూరప్ వ్యతిరేకి అని అనడం కష్టం.

ఇక్కడ ఇంకో తమాషా. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు వీరులు రిపబ్లికన్ల సొంత ఆస్తి అనుకుంటాం. ఆ వీరుల త్యాగాన్ని పోస్టర్ల మీదికి ఎక్కించింది షిన్ ఫేన్ కాదు, కోయిర్ అనే క్యాథలిక్ సంప్రదాయవాద గుంపు. 2008లో మూడు కోతుల పోస్టర్ వేసిందీ వాళ్లే: కొత్త యూరప్ మిమ్మల్ని చూడదు, మీ మాట వినదు, మీ తరఫున మాట్లాడదు అని. ఇంకోవైపు డెక్లన్ గాన్లీ అనే వ్యాపారవేత్త పెట్టిన లిబర్టాస్. కంపెనీల పన్ను పెరుగుతుందని వాళ్ల భయం. యూరప్ మరీ కంపెనీల పక్షాన ఉందని షిన్ ఫేన్ ఫిర్యాదు. రెండూ ఒకదానికొకటి పొసగవు. అయినా నష్టం జరగలేదు. అవునన్నవాళ్లు ఒకే కథ చెప్పాలి; వద్దన్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, ఎవరి కారణం వారిది. మధ్యతరగతి ఇళ్లలో లిబర్టాస్, కార్మికుల పేటల్లో షిన్ ఫేన్, పల్లె చర్చిల చుట్టూ కోయిర్. ఎవరూ ఎవరితోనూ వేదిక పంచుకోనక్కర్లేకపోయింది.

చట్టం ఇచ్చిన మైకు

మన కార్యకర్తలకు నేను ఎక్కువసేపు చెప్పేది ఈ భాగమే, ఎందుకంటే చప్పట్లు పడేది నినాదానికైనా ఆట నడిచేది దీనివల్లే. 1995లో మెకెన్నా కేసులో ఐరిష్ సుప్రీంకోర్టు, రెఫరెండంలో ఒక పక్షం గెలుపు కోసం ప్రభుత్వం ప్రజల డబ్బు ఖర్చు పెట్టకూడదని చెప్పింది. తర్వాత కోగ్లన్ కేసు వచ్చింది. పార్టీలన్నీ ఒకే వైపు ఉన్నప్పుడు వాటి ప్రచార ప్రసారాలకు సమయం పార్టీల బలాన్ని బట్టి ఇస్తే వద్దనేవాళ్లకు అన్యాయం జరుగుతుందన్నది వాదన. 2000లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ దెబ్బతో టీవీ, రేడియోలు జాగ్రత్త పడి చర్చల్లో రెండు పక్షాలకూ సమానంగా సమయం ఇచ్చే అలవాటు చేసుకున్నాయి.

లెక్క చూడండి. 166లో నలుగురున్న పార్టీ. మామూలు రోజుల్లో వార్తల్లో ఆఖరి నిమిషం దొరకడమే గొప్ప. రెఫరెండం రోజుల్లో మాత్రం స్టూడియోలో రెండో కుర్చీ ఖాళీగా ఉంటుంది, అందులో కూర్చోవడానికి ఎన్నికైన పార్టీ మనిషి కావాలి. ఆ మనిషి షిన్ ఫేన్ దగ్గర మాత్రమే ఉన్నారు. డబ్బున్న లిబర్టాస్‌కు కార్యకర్తలు లేరు. కార్యకర్తలున్న చిన్న సంఘాలకు సీట్లు లేవు. రెండూ ఉన్నది వీళ్లకే. విజయంలో ఎవరి వాటా ఎంత అని అక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో పోస్టర్లతో కరెంటు స్తంభం మీద గెలిచినవాళ్లు వేరు, గుమ్మం దగ్గర గెలిచినవాళ్లు వేరు.

అవతలివాళ్లు చేసిన మేలు

బెర్టీ అహెర్న్ ఏప్రిల్ 2న రాజీనామా ప్రకటించి మే 6న దిగాడు. మర్నాడు ప్రధాని, వాళ్ల మాటలో టీషక్, అయిన బ్రయన్ కోవెన్‌కు పోలింగ్‌కు మిగిలింది ఐదు వారాలు. ఒప్పందాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవలేదని ఆయన ఒప్పుకున్నాడు. ఐర్లండ్‌కు చెందిన కమిషనర్ చార్లీ మెక్రీవీ తానూ చదవలేదనడమే కాక, బుర్ర ఉన్నవాడెవడూ చదవడన్నట్టు మాట్లాడాడు. నిజమే, పాత ఒప్పందాలకు సవరణల జాబితా అది, విడిగా చదివితే తలాతోకా తెలియదు. కానీ ఆ నిజం ఓట్లడిగేవాడి నోట్లోంచి రాకూడదు. "తెలియకపోతే వద్దనండి" అన్న వాదనకు అంతకంటే మంచి ప్రచారకర్త దొరకడు.

రైతుల సంఘం ప్రపంచ వాణిజ్య చర్చల భయంతో చివరి వారాల దాకా బిగుసుకుని కూర్చుంది. ఆ చర్చల్లో రైతులకు నష్టమైన ఒప్పందం వస్తే వీటో వాడతామని కోవెన్ హామీ ఇచ్చాకే కదిలింది.

పోస్టర్ల సంగతి మాత్రం మనకు అచ్చం ఇంటి కథే. మరుసటి ఏడాది స్థానిక ఎన్నికలున్నాయి. అవును పక్షం నాయకులు చాలామంది స్తంభాలకు తమ ఫొటోలే వేలాడదీసుకున్నారు. ముఖం పెద్దది, ఒప్పందం పేరు కింద చిన్నది. రోజూ బస్సులోంచి చూసేవాణ్ణి. వీళ్లు నవ్వుతున్నారు, దేనికో చెప్పట్లేదు అనిపించేది. వద్దన్నవాళ్ల పోస్టర్ల మీద కారణం ఉండేది. సరైనదో కాదో తర్వాతి మాట, చదవడానికి ఏదో ఒకటి ఉండేది.

ఐరిష్ టైమ్స్ సర్వేలో మే నెలలో అవును 35, వద్దు 18. జూన్ 6న వచ్చిన సర్వేలో అవును 30, వద్దు 35.

జూన్ 13న ఫలితం. వద్దు 8,62,415. అవును 7,52,451. శాతాల్లో 53.4, 46.6. పోలింగ్ 53.1 శాతం. 43 నియోజకవర్గాల్లో 33 వద్దన్నాయి. మా టాలా ఉన్న డబ్లిన్ సౌత్ వెస్ట్‌లో వద్దు 60 శాతం దాటింది. సముద్రం ఒడ్డున డబ్బున్నవాళ్లుండే డన్ లేరీలో అవును 60 దాటింది. ఒకే నగరం, మధ్యలో గంట బస్సు ప్రయాణం.

తర్వాత యూరోపియన్ కమిషన్ చేయించే యూరోబేరోమీటర్ సర్వేలో వద్దన్నవాళ్లను కారణం అడిగితే అన్నిటికంటే ఎక్కువగా, 22 శాతం మంది, ఒప్పందం గురించి సరిగ్గా తెలియకపోవడమే అన్నారు. తటస్థత కోసమన్నవాళ్లు 6 శాతం. ఈ రెండు అంకెలూ చూసినప్పుడే షిన్ ఫేన్ కార్యాలయంలో ఎవరికైనా టెన్షన్ పుట్టి ఉండాలి. వద్దన్నవాళ్లలో పెద్ద గుంపుది సిద్ధాంతం కాదు, సందేహం. సందేహాన్ని తీర్చవచ్చు.

పిలుపు వచ్చింది

పిలిచారు. అదీ ఇబ్బంది.

ఐర్లండ్ అంతకుముందు నీస్ ఒప్పందాన్ని 2001 జూన్‌లో తిరస్కరించింది, తటస్థత మీద హామీలు తెచ్చుకుని 2002 అక్టోబరులో ఆమోదించింది. దారి తెలిసిందే. 2008 డిసెంబరులో యూరప్ నేతలు ప్రతి దేశానికీ కమిషనర్‌ను ఉంచుతామన్నారు. 2009 జూన్‌లో పన్ను, తటస్థత, అబార్షన్ మీద చట్టబద్ధమైన హామీలిచ్చారు. ఇందులో ఒక మెలిక ఉంది, విని మా హాల్లో ఒకరిద్దరు తల పట్టుకుంటారు. అమల్లో ఉన్న నీస్ ఒప్పందం ప్రకారం కమిషనర్ల సంఖ్య 2009లోనే తగ్గాలి. లిస్బన్‌లో మాత్రం నేతలంతా ఏకగ్రీవంగా అనుకుంటే తగ్గించకుండా ఉండే వెసులుబాటు ఉంది. అంటే కమిషనర్‌ను కాపాడుకోవాలంటే లిస్బన్‌కు అవునని ఓటెయ్యాలి. గుమ్మాల్లో బాగా పనిచేసిన ఆ ఒక్క వాదన అచ్చంగా అవతలి చేతిలోకి వెళ్లిపోయింది.

ఈలోగా 2008 సెప్టెంబరు చివర్లో ఐరిష్ ప్రభుత్వం బ్యాంకుల అప్పులకు పూచీ పడింది. ఏడాది తిరిగేసరికి నిరుద్యోగం 12 శాతం దాటింది. వద్దంటే పోయేదేమీ లేదన్న ధైర్యానికి ఆధారం కూలిపోయింది. ఇంటెల్, రైయనేర్ లాంటి కంపెనీలు అవును కోసం బహిరంగంగా దిగాయి. లిస్బన్ వస్తే కనీస వేతనం 1.84 యూరోలకు పడిపోతుందన్నట్టు కోయిర్ వేసిన పోస్టర్ వద్దు పక్షానికి మరింత చెడ్డ పేరు తెచ్చింది. అప్పటి చట్టబద్ధ కనీస వేతనం గంటకు 8.65 యూరోలు. ఆ పోస్టర్ షిన్ ఫేన్‌ది కాదు. నిరుడు ఎవరి కారణం వారిదన్న లాభం, ఈసారి ఒకరి పాపం అందరికీ చుట్టుకునే నష్టమైంది.

ఒప్పందంలో ఒక్క అక్షరమూ మారలేదని షిన్ ఫేన్ వాదించింది. కాగితం మీద రాసినంత వరకు అది నిజం. కానీ బేరం భాష ఎంచుకున్నది వాళ్లే. నువ్వడిగిన ధరకే ఇస్తానని కొట్టువాడు మెట్ల దాకా వచ్చి చెప్పాక, చీర నేత బాగాలేదంటే చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి వంక చూస్తారు?

2009 అక్టోబరు 2. అవును 12,14,268. వద్దు 5,94,606. వద్దన్నవి రెండే నియోజకవర్గాలు, రెండూ డోనెగల్‌వే. అంతకు నాలుగు నెలల ముందే యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో మేరీ లూ తన సీటు కోల్పోయింది, గాన్లీ గెలవలేకపోయాడు. రెఫరెండంలో వచ్చిన ఓటు పార్టీ ఖాతాలో పడదని అక్కడే తేలింది.

2012 మే 31న ఆర్థిక క్రమశిక్షణ ఒప్పందం మీద మళ్లీ రెఫరెండం జరిగింది. అప్పటికి షిన్ ఫేన్‌కు 14 మంది టీడీలు, మేరీ లూ వారిలో ఒకరు. పేరు పెట్టడంలో ఈసారి ఇంకా నేర్పు చూపించారు, ఖర్చుల కోత ఒప్పందం (ఆస్టెరిటీ ట్రీటీ) అంటూ. అవును 60.3 శాతం. యూరో వాడే 12 దేశాలు ఆమోదిస్తే చాలు, ఒప్పందం అమల్లోకి వస్తుంది. ఐర్లండ్ వద్దన్నా ఆగదు. పైగా ఆమోదించని దేశానికి కొత్త సహాయ నిధి తలుపు మూసి ఉంటుంది. మిగతా కొనుగోలుదార్లు వరసలో నిలబడి ఉండగా మెట్లు దిగితే ఎవరూ పిలవరు. అయినా వద్దు ఓట్లు 6,29,088, అంటే 2009 కంటే ఎక్కువ. సందేహంతో వచ్చినవాళ్లు పోయాక మిగిలిన గట్టి ఓటు అది. పార్టీ తర్వాతి ఎదుగుదలకు నేనైతే 2008 విజయం కంటే ఈ ఓటమినే లెక్కలోకి తీసుకుంటాను.

మళ్లీ టాలా. 2009 సెప్టెంబరు, నేను తిరిగొచ్చేయడానికి కొన్ని వారాల ముందు. తలుపు కొట్టినవాళ్లలో ఒకతను నిరుడు వచ్చినవాడే. ఈసారి పెద్దాయన తానే వెళ్లాడు. నిరుడు వద్దని ఓటేశానని నాతో చెప్పిన మనిషి. కరపత్రం తీసుకున్నాడు, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"మీరడిగింది ఇచ్చారట కదా, కమిషనరూ అదీ?" అన్నాడు.

"పేపరు మీద ఏమీ మారలేదండీ" అన్నాడు కుర్రాడు. ఆ తర్వాత సవరణలూ ప్రోటోకాళ్లూ ఒక్కొక్కటే వివరించడం మొదలుపెట్టాడు. అన్నీ సరైనవే. నేను లోపల టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వచ్చేసరికి కూడా వివరిస్తూనే ఉన్నాడు. పెద్దాయన మర్యాదగా తలూపుతూ, రెండో చేత్తో తలుపు కొంచెం కొంచెంగా దగ్గరికి లాక్కుంటున్నాడు.